కనుమదారిలో ఆటా? పందెమా?

స్పోర్ట్స్ కారును తెలుగులో ఏమనాలి? మా గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న వేస్తే తడుముకోకుండా వచ్చే జవాబు "పందెపు కారు". పందెం మా నీళ్ళలోనే ఉంది. సంక్రాంతి వస్తే కోడి మీద కాస్తాం, ఎడ్ల మీద కాస్తాం, తొలకరి ముందుగా పడుతుందా వెనగ్గా పడుతుందా అన్నదాని మీద కూడా కాసేవాళ్ళున్నారు. నేలబారుగా ఉండి గట్టిగా గర్జించే బండి ఏదైనా మా కంటికి పందెం కోసమే పుట్టినట్టు కనబడటంలో వింత లేదు. అయినా ఆ అనువాదం సరికాదు. పందెపు కారంటే రేసు కారు. అది పందెపు బాట మీద తప్ప నడవదు, దానికి నంబరు పలక కూడా ఉండదు. స్పోర్ట్స్ కారు ఆడుకోవడానికి చేసిన కారు. నన్నడిగితే "ఆటకారు" అంటాను. ఈ రెండు మాటల నడుమనున్న తేడా కేవలం నిఘంటువుకు సంబంధించినదైతే ఇంత వ్రాసే పని లేదు. ఆ తేడా మరచిపోయిన మరుక్షణం కొండదారి ప్రాణాంతకమవుతుంది గనుక వ్రాస్తున్నాను.

మాటల దగ్గరే ఉన్నాం గనుక ఇంకో రెండు చెప్పి ముందుకు వెళతాను. ఘాట్ రోడ్డు అన్న మాట ఎంత అలవాటయినా, మనకు కనుమ అన్న చక్కని మాట ఉంది. రెండు కొండల నడుమ దారినివ్వగల చోటు కనుమ. అలాగే హెయిర్‌పిన్ బెండును "కొడవలి మలుపు" అంటే వరికోత తెలిసినవాళ్ళకి చప్పున బొమ్మ కడుతుంది. ఈ వ్యాసంలో కనుమదారి, కొడవలి మలుపు అనే వాడతాను. నచ్చనివారు మన్నించగలరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తోటి అభిమానులతో కలిసి ఆటకార్లలో మెలికల కనుమదారి ఎక్కడం మనిషికి దొరికే స్వచ్ఛమైన ఆనందాల్లో ఒకటి. దాన్ని డబ్బున్నవాళ్ళ మదమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ ఆనందం మలుపులో ఉంది, వేగంలో లేదు. కనుమదారిలో గడియారం తీసినవాడు ఆటను వదిలి పందెంలోకి దిగాడు. అక్కడ పందెం కాసేది మాత్రం అతని సొత్తు కాదు, ఎదురుగా వచ్చేవాడి ప్రాణం.

* * *

మాది గణపవరం. మా చుట్టుపక్కల కొండ అనదగ్గదేదీ లేదు. గూడెం దాటి దక్షిణంగా వస్తే భీమవరం దాకా, అటు కొల్లేరు దాకా నేల పలకలా ఉంటుంది. మరి కొండదారుల గురించి మీకేం తెలుసునని అడగవచ్చు. కొండలు లేవు గాని మాకు మలుపులకు కొదవ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. కాలువల వెంట గట్లు, గట్ల మీద బాటలు. కాలువ తన వాలు తాను వెతుక్కుంటూ పోతుంది, బాట దాని వెనకాలే పోతుంది. వంతెన వచ్చినచోట బాట ఒక్కసారిగా లంబకోణంలో తిరిగి, కాలువ దాటి, మళ్ళీ లంబకోణంలో తిరుగుతుంది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పల్లపు చేను, లేదంటే చేపల చెరువు. చాలాచోట్ల రక్షణగోడ ఉండదు. కొబ్బరిచెట్లూ తుమ్మలూ మలుపును మూసేస్తాయి. లోయకు బదులు కాలువ ఉన్నదన్నమాటే గాని, ఇదీ కనుమదారి వంటిదే.

ఈ గట్టుబాటలు నేర్పే పాఠాలు కొన్ని ఉన్నాయి. కోతల కాలంలో బాటకు సగం మీద ధాన్యం ఎండుతూ ఉంటుంది. నిన్న సాయంత్రం ఖాళీగా ఉన్న మలుపులో ఈ ఉదయం వడ్ల రాశి, దాన్ని తిరగదోస్తున్న ఆడవాళ్ళు ఉంటారు. చేపల లారీ వెళ్ళిన దారిలో మంచు కరిగిన నీరు చారలుగా కారి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ చార మీద టైరు జారుతుంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి నడపాలి. మలుపు అవతల ఏముందో తెలియదన్న సంగతిని ఒంటికి పట్టించుకున్నవాడే గట్టుబాట మీద పదికాలాలపాటు బండి నడుపుతాడు. కొండ ఎక్కబోయే డెల్టా మనిషికి ఇంతకు మించిన శిక్షణ అక్కరలేదని నేననుకుంటాను.

చెరువుల మీద నాలుగు డబ్బులు చూసినవాళ్ళు ఈ ప్రాంతంలో ఆటకార్లు కొనడం కొత్తేమీ కాదు. కొన్నాక మొదట ఎదురయ్యే శత్రువు స్పీడు బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, అంటే బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగేటట్టు. మా ఊళ్ళలో రాత్రికి రాత్రి పోసిన దిబ్బలకు ఆ ప్రమాణంతో పరిచయమే లేదు. నేలకు జానెడు ఎత్తు కూడా లేని కారు వాటిని ఏటవాలుగా, ఒక్కొక్క చక్రాన్ని ఎక్కిస్తూ, కొత్త పెళ్ళికూతురు గడప దాటినట్టు దాటాలి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి అదొక వినోదం. "ఇన్ని లక్షలు పోసి ఎడ్లబండి కంటే మెల్లగా పోతావేంట్రా అబ్బాయ్" అని పెద్దవాళ్ళు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కొండ దగ్గర దొరుకుతుంది.

* * *

ఆటకారు గొప్పదనం ఎంత వేగంగా పోతుందన్నదానిలో ఉంటుందని ప్రకటనలు నమ్మిస్తాయి. ఆ కార్ల చరిత్ర మరోలా చెబుతుంది. ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ తెచ్చినప్పుడు దానిలో ఉన్నది పెద్ద ఇంజను కాదు, లేని బరువు. 1989లో జపాను మాజ్దా సంస్థ ఎంఎక్స్-5 తెచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, టన్నుకు లోపు బరువు. గుర్రమూ రౌతూ ఒకటై కదలాలన్న భావానికి జపనీయుల భాషలో ఉన్న జిన్బా ఇత్తాయ్ అన్న మాటను దాని రూపకర్తలు తమ ఆదర్శంగా చెప్పుకున్నారు. ఆ రకం కార్లు 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. మన దేశంలోనే తయారైన శాన్ స్టార్మ్ అన్న రెండు సీట్ల బుల్లికారులో ఉన్నది 1.2 లీటర్ల ఇంజనే, 60 గుర్రాల బలమే. తిన్నని జాతీయ రహదారి మీద ఇవాళ్టి మామూలు కుటుంబపు కారు దాన్ని దాటిపోగలదు. మలుపులో కూర్చోబెట్టి చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది.

ఎందుకంటే మలుపు ఇంజనును అడగదు, టైరును అడుగుతుంది. బండిని మలుపులో ఉంచడానికి కావలసిన బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క చూడండి. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక కొడవలి మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే టైర్లు పక్కకు పట్టవలసిన బలం బండి బరువులో అయిదో వంతు. 40తో తిరిగితే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అంటే బరువులో అయిదింట నాలుగు వంతులకు పైనే. పొడిగా ఉన్న తారు మీద మామూలు టైరు పట్టు ఇంచుమించు అక్కడితో సరి. తడి ఉంటే, ఇసుక ఉంటే, రాలిన టేకాకులు ఉంటే అంత కూడా ఉండదు. ఇరవైకీ నలభైకీ మధ్య, ప్రయాణికుడి కంటికి ఆనని తేడాలో, ఆట అంతా జరిగిపోతుంది. బరువు తక్కువైన, నేలకు దగ్గరగా ఉన్న కారు ఈ తేడాను నడిపేవాడి నడుముకూ వేళ్ళకూ ముందే తెలియజేస్తుంది. ఆటకారు మనకు అమ్మేది ఈ తెలివిడినే. అది ముప్ఫై కిలోమీటర్ల వేగంలోనూ దొరుకుతుంది.

* * *

మాకు దగ్గరలో ఉన్న గొప్ప కనుమదారి మారేడుమిల్లి నుంచి చింతూరుకు దిగేది. తెల్లవారుజామున గూడెం దగ్గర కలుసుకుని, నిడదవోలు మీదుగా కొవ్వూరు చేరి, గోదావరి దాటి, గోకవరం దగ్గర మైదానానికి నమస్కారం చెప్పి, రంపచోడవరం మీదుగా అడవిలోకి వెళతాం. అయిదారు కార్లు. వాటిలో అసలైన ఆటకార్లు రెండో మూడో, మిగిలినవి వయసు మళ్ళిన చిన్నకార్లు. అందరికంటే హాయిగా నడిపేది మేమందరం అన్నయ్యా అని పిలిచే ఒక పెద్దాయన, అందరికంటే పాత బండిలో. ఆయన వెనకాల పడి వెళ్ళడమే నాకొక విద్యాభ్యాసం. మలుపుకు ముందు, బండి ఇంకా తిన్నగా ఉండగానే, బ్రేకు దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది. గేరు తగ్గిన చప్పుడు వినిపిస్తుంది. మలుపు మధ్యలో దీపం వెలగదు. బండి ఒక్క గీతలో తిరిగి, అవతలి దారి కనబడ్డాకనే గొంతు పెంచుతుంది. పది కిలోమీటర్లు అలా చూశాక మన చేతులు కూడా ఆ లయకు వస్తాయి. ముందు కారు దీపం, మన పాదం, వెనక కారు చప్పుడు, అన్నీ ఒక తాళంలో పడతాయి. ఒంటరిగా వెళితే ఈ సుఖం లేదు. భజనలో గొంతు కలిపినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి ప్రయాణంలో మర్యాదలు కొన్ని ఉంటాయి. అందరికంటే కొత్తవాడు రెండో స్థానంలో ఉంటాడు, ముందున్న అనుభవజ్ఞుణ్ణి చూసి నేర్చుకోవడానికి. చివరి కారు దారి తెలిసినవాడిది. వెనకవాడు అద్దంలో కనబడకపోతే ముందువాడు చోటు చూసి ఆగుతాడు, వెనకవాడు ముందువాణ్ణి అందుకోవడానికి తొందరపడడు. కార్ల మధ్య స్థానికుల ఆటోకో మోటారుసైకిలుకో దూరేంత చోటు వదలాలి, వాళ్ళు అడగకముందే పక్కకు తప్పుకోవాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఇరుకైన కొండదారిలో దిగే బండే పక్కకు ఆగాలని 1989 నాటి రహదారి నియమాలలోనే వ్రాసి ఉంది. దాన్ని పాటించేవారిలో లారీ డ్రైవర్లే మనకంటే నయం.

లారీ డ్రైవర్ల మాట వచ్చింది గనుక, మారేడుమిల్లిలో ఒక టీ దుకాణం దగ్గర ఒకాయన చెప్పినది ఇక్కడ వ్రాయాలి. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలండి బాబూ. బ్రేకు మీద దిగినోడు బ్రేకున్నంతసేపే దిగుతాడు" అన్నాడు. ఇది చమత్కారం కాదు, పచ్చి భౌతికశాస్త్రం. దిగే బండి పోగొట్టుకోవలసిన శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. బ్రేకునే నొక్కిపట్టి దిగితే ఆ వేడి బ్రేకులోనే చేరుతుంది. పట్టు సడలుతుంది. ఇంకా కాగితే బ్రేకు నూనె మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, అప్పుడు పాదం నేలను తాకుతుంది గాని బండి ఆగదు. తక్కువ గేరులో దిగితే ఆ భారంలో ఎక్కువ భాగాన్ని ఇంజను మోస్తుంది. లక్షల ఖరీదు చేసే కారుకైనా, ఇటుకల లారీకైనా ఇదే ధర్మం.

* * *

ఇంత అందమైన ఆటలోకి పందెం ఎలా వస్తుంది? సామాన్యంగా ఒక ప్రశ్నతో వస్తుంది: "ఎంతసేపట్లో వచ్చారు?" చోడవరం నుంచి మారేడుమిల్లికి ఇన్ని నిమిషాలని ఒకడు చెబుతాడు. ఇంకొకడు అందులో రెండు తగ్గించి చెబుతాడు. మూడోవాడు ఆ రెండు తగ్గించడానికి మరుసటి ఆదివారం బయలుదేరుతాడు. కాసేవాడు లేకపోయినా, డబ్బు చేతులు మారకపోయినా అది పందెమే.

చట్టం సంగతి అలా ఉంచుదాం. ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా దారి మీద వేగపు పోటీ పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అడవిలో తెల్లవారుజామున ఎవరు పట్టుకుంటారన్నది అందరికీ తెలిసిన ధైర్యం. నా అభ్యంతరం అంతకంటే మౌలికమైనది. మలుపును అతి తక్కువ సమయంలో దాటాలంటే బాట వెలుపలి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచును తాకి, మళ్ళీ వెలుపలి అంచుకు రావాలి. మలుపును వీలయినంత తిన్నగా చేసుకోవడమే పందెపుగీత రహస్యం. పందెపు బాట మీద అది విద్య. అక్కడ వెడల్పంతా మనదే, ఎదురు వచ్చేవాడు లేడు. కనుమదారిలో ఆ వెడల్పులో సగం ఎదుటివాడిది. అంటే వేగంగా తిరగడానికి కావలసిన గీత మనకు హక్కు లేని చోటుగుండా పోతుంది. ఎంత గొప్ప డ్రైవరైనా, ఎంత గొప్ప కారైనా ఈ లెక్క మారదు. పందెం గెలవాలంటే పరాయి సొత్తు వాడుకోక తప్పదు.

దీనికి తోడు చూపు లెక్క. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, డ్రైవరు తేరుకోవడానికి ఒక్క క్షణం వేసుకుంటే, పొడి తారు మీద ఆగేసరికి ఇంచుమించు 20 మీటర్లు. 60 వేగంలో అది 37 మీటర్ల చిల్లర. కొడవలి మలుపులో మనకు కనబడేది ఎన్ని మీటర్లు? అదీగాక ఎదుటివాడు కూడా ఆగడానికి తన వాటా అడుగుతాడు గనుక, ఇరుకుదారిలో కనబడే దూరంలో సగంలోనే మనం ఆగగలగాలి. ఈ లెక్క వేసుకున్నవాడికి గడియారం చూసే తీరిక ఉండదు.

ఈ విషయంలో మనవాళ్ళు చేసిన ఒక ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. తిరుమల మొదటి కనుమదారి 1944లో తెరిచారు. అందులో 36 కొడవలి మలుపులున్నాయి. రెండు దారులయ్యాక ఒకటి ఎక్కడానికీ, ఈ పాతది దిగడానికీ ఉంచారు. ప్రమాదాలు తగ్గించడానికి దేవస్థానం వారు ఒక కాలనియమం పెట్టారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదు. బయలుదేరిన వేళ ఒకచోట నమోదవుతుంది, చేరిన వేళ ఇంకోచోట చూస్తారు. ముందుగా వచ్చినవాడికి దండన. మొదట విన్నప్పుడు నవ్వొస్తుంది గాని, ఆలోచిస్తే ఇది పందేన్ని తలకిందులు చేసిన ఆట. ముందుగా వచ్చినవాడే ఓడిపోయినట్టు!

ఇటలీవాళ్ళు ఇదే జ్ఞానాన్ని చాలా పెద్ద మూల్యం చెల్లించి సంపాదించారు. ఊళ్ళ మధ్యగా, కొండల మీదుగా మామూలు రహదారుల మీద వెయ్యి మైళ్ళ పందెం ఒకటి వాళ్ళకు ఉండేది. దాని పేరు మిల్లె మీలియా. 1957లో ఒక ఫెరారీ టైరు పేలి జనంలోకి దూసుకుపోయింది. కారులో ఉన్న ఇద్దరూ, దారిపక్క నిలబడి చూస్తున్న 9 మందీ మరణించారు. ఆ 9 మందిలో 5గురు పిల్లలు. ఆ పందెం అంతటితో ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1977లో, అదే పేరుతో పాత కార్ల యాత్రగా మళ్ళీ మొదలయింది. ఇప్పుడు అందులో గెలుపు వేగానిది కాదు. ఒక్కొక్క భాగాన్ని నిర్ణయించిన సమయంలో దాటాలి. ఆలస్యమైనా తప్పే, ముందయినా తప్పే. అదే దారి, అవే కార్లు, అంతే ఉత్సాహం. పందెం పోయి ఆట మిగిలింది. దానివల్ల కార్ల మీద ప్రేమ తగ్గినట్టు ఎవరూ చెప్పలేదు.

* * *

ఇంతకూ ఆ దారి ఎవరిది? ఆదివారం ఉదయం మనకు అది ఖాళీగా కనబడుతుంది. ఖాళీ కాదు. సంతకు నడిచి వెళ్ళే కొండరెడ్లూ కోయవాళ్ళూ ఉంటారు. వెదురుబొంగులో కోడి వండి అమ్మేవాళ్ళుంటారు. బడికి పోయే పిల్లలుంటారు, బాట మీదే పడుకునే పశువులుంటాయి. లోపలి గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చి బండి కోసం ఎదురుచూసేది కూడా ఆ బాట పక్కనే. మనకది వినోదం, వాళ్ళకు అదొక్కటే దారి.

ఆ మన్యపు దారుల పుట్టుక కూడా గుర్తుపెట్టుకోదగ్గది. ఇప్పుడు చలికాలం వస్తే కార్లు బారులు తీరే లంబసింగి కనుమ మీదుగా నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు బాట వేయించినప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత న్యాయమైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922లో రంప పితూరీ రాజుకోవడానికి ఉన్న కారణాలలో ఆ బాటపని ఒకటి. 22 ఆగస్టు 1922న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసిన అల్లూరి సీతారామరాజు సొంత ఊరు మోగల్లు మాకు ఎంతో దూరం కాదు. మా డెల్టా వాళ్ళం ఆయన విగ్రహానికి దండ వేస్తాం, మంచిదే. ఆయన ఎవరి పక్షాన నిలబడ్డాడో ఆ మనుషులు నడిచే బాట మీద హారను మోగించి వాళ్ళను అంచుకు తోసేసి పోవడం ఆ దండకు తగిన పని కాదు.

కొండ తప్పును మన్నించదన్నదానికి సాక్ష్యాలు వెతకనక్కరలేదు. సెప్టెంబరు 2018లో కొండగట్టు కనుమదారిలో ఆర్టీసీ బస్సు పడి 60 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 2019లో ఇదే మారేడుమిల్లి–చింతూరు దారిలో యాత్రికుల బస్సు లోయలో పడింది. ఫిబ్రవరి 2021లో అరకు నుంచి దిగుతున్న పర్యాటకుల బస్సు అనంతగిరి దగ్గర పడిపోయింది. వీటిలో ఏదీ ఆటకార్ల వల్ల జరగలేదు, వాటిని ఆ ఖాతాలో వేయడం అన్యాయం. నేను చెప్పేది వేరు. అరవై డెబ్భై మందిని మోస్తున్న బస్సు ఏ మలుపులో తన బరువుతో తాను పెనుగులాడుతూ దిగుతోందో, ఆ మలుపులోకే మనం పందెపుగీత పట్టుకుని వెళుతున్నాం. ఆ డ్రైవరుకు అప్పుడు కావలసిన సగం బాటను మనం ఆక్రమించి ఉంటే, మన నైపుణ్యం అతనికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

* * *

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. "నలభైలో పోవడానికి ఆటకారు ఎందుకండీ?" అన్నది మొదటిది. వీణ ఎంత గట్టిగా మోగుతుందో చూసి ఎవరూ కొనరు. నలభైలో కూడా చేతికి మాట్లాడే కారే మంచి ఆటకారు. వందలో తప్ప మాట్లాడని కారు కొన్నవాడు కొండ ఎక్కేముందు బేరం సంగతి మరోసారి ఆలోచించుకోవాలి.

"మరి వేగం సరదా ఎక్కడ తీర్చుకోవాలి?" అన్నది రెండోది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. వేగపు కోరిక పాపం కాదు. దానికి తగిన చోటు ఉండాలి. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానపు బాట మీద దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అందుకోసమే బాట కట్టుకున్నారు. జర్మనీలో ఐఫెల్ కొండల మధ్య 1927లో తెరిచిన నూర్బుర్గ్‌రింగ్‌లో, ఇరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగే బాట మీద, రుసుము కట్టి ఎవరైనా తమ కారు నడపవచ్చు. అక్కడ కూడా అందరూ ఒకే దిక్కుకు వెళతారు, ఎదురు ఎవరూ రారు. 11 ఫిబ్రవరి 2023న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిపినప్పుడు నగరపు దారులు మూసి, అడ్డుగోడలు కట్టి, జనాన్ని గోడ అవతల నిలబెట్టాకే కార్లను వదిలారు. మరుసటి ఏటి పందెం రద్దయింది, ఆ గొడవ మనకిక్కడ అక్కరలేదు. ప్రపంచంలోకెల్లా ఆరితేరిన డ్రైవర్లకు కూడా గోడ లేకుండా అనుమతి లేదన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం. మా ప్రాంతపు అభిమానులు కలిసి అడగవలసినది అటువంటి బాటను. చేపల చెరువుల మీద అంత పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళకు అది తలకు మించిన ఊహ కాదు. అంతవరకు, ఏడాదికొకసారి చెన్నై వైపు వెళ్ళి పందెం సరదా తీర్చుకోవడం లోయలో పడటంకంటే చవక.

మూడో ఆక్షేపణ కుర్రవాళ్ళది: "పెద్దవాళ్ళయ్యాక అందరూ ఇలాగే చెబుతారు." కావచ్చు. అందుకే ఉపదేశానికి బదులు ఒక ఆట ప్రతిపాదిస్తున్నాను. ఈసారి బృందంగా కొండకు వెళ్ళినప్పుడు ఎవరూ ఎవరినీ దాటకూడదు, గడియారం ఎవరూ తీయకూడదు. మలుపు మధ్యలో బ్రేకు దీపం వెలిగినవాడికి వెనకవాడు ఒక తప్పు వేస్తాడు. తన సగం దాటి గీత తొక్కినవాడికి రెండు తప్పులు. ఎదురుబండి ఆగవలసి వచ్చిందంటే ఆ రోజుకు ఆట ముగిసినట్టే, అతను చివరి స్థానానికి వెళ్ళాలి. పైకి చేరాక తప్పులు ఎక్కువైనవాడు అందరికీ టీ ఇప్పించాలి. చెప్పినంత సులువు కాదు. బ్రేకు దీపం వెలగకుండా ఒక కొడవలి మలుపు తిరగాలంటే యాభై గజాల ముందే దాన్ని చదవాలి, సరైన గేరులో ఉండాలి, సరైన వేగంతో చేరాలి. ముప్ఫైలో నడుపుతూ కూడా చెమట పడుతుంది. రెండుమూడుసార్లు ఆడిన కుర్రవాళ్ళు నిమిషాల మాట మానేసి మలుపుల మాట మాట్లాడటం నేను చూశాను. ఫలానా రాతి దగ్గర మలుపు లోపలికి ఇంకా ముడుచుకుంటుందని ఒకడంటే, కాదు, అక్కడ బాట వెలుపలికి వాలింది, అందుకే అలా అనిపిస్తుందని ఇంకొకడు వాదిస్తాడు. దారిని అంత శ్రద్ధగా చదివినవాడు దాని పక్కన నడిచే మనిషిని చూడకుండా ఉండలేడు.

మా గోదావరి మనిషికి పందెం మానమంటే కోపం వస్తుందని తెలుసు. మానమనడం లేదు. కొండ మీద మాత్రం పందేన్ని టీ దగ్గర ఆపుదాం.